వేరు లేని గొడుగులు

1957వ సంవత్సరం, ఆరుద్ర కార్తె. నంద్యాల స్టేషన్ రోడ్డులో సోడా కొట్టు పైన ఉన్న గదిలో డిటెక్టివ్ ప్రహ్లాదరావు గడ్డం గీసుకుంటున్నాడు. సగం చెంప మీద ఇంకా సబ్బు నురగ ఉంది. ఉన్నట్టుండి కత్తి ఆపి, మెట్ల వైపు చెవి పెట్టాడు.

"మద్దిలేటీ, పొడి తువ్వాలు తీసిపెట్టు. కుర్చీ కిటికీకి దూరంగా జరుపు. వస్తున్నది ఆడమనిషి, వానలో తడిసింది, కడుపుతో ఉంది."

అసిస్టెంట్ మద్దిలేటి నోరు తెరిచాడు. "మీరు ఇంకా చూడనే లేదు కదా సార్!"

"చెప్పుల్లేని అడుగులు. తడి చీర మెట్లకు కొట్టుకుంటోంది. నాలుగు మెట్లకొకసారి ఆగి ఊపిరి తీసుకుంటోంది. వయసు మళ్లినదైతే గోడ పట్టుకుని ఎక్కేది, గాజుల చప్పుడు గోడ వైపు వినిపించేది."

తలుపు తోసుకుని వచ్చిన మనిషికి ఇరవై రెండేళ్లకు మించవు. ఆరో నెల గర్భిణి. తడిసి ముద్దయింది. మద్దిలేటి ఇచ్చిన తువ్వాలును చేత్తో పట్టుకుంది కానీ తుడుచుకోలేదు.

"సార్, నా పేరు లూదియా. ఆళ్లగడ్డకు ఇవతల పాలదిన్నె మాది. మా యత్త హన్నమ్మను పోలీసోళ్లు పట్టకపోయినారు. పెద్దరెడ్డిని ఇసం పెట్టి సంపిందంటాండారు. సోమారం కోర్టుకు పంపుతారంట."

"కూర్చో తల్లీ. పెద్దరెడ్డి అంటే?"

"లక్ష్మీనారాయణరెడ్డి సార్. ఊళ్లో సగం సేండ్లు ఆయనవే. బేస్తవారం తెల్లారేతలికి పాణం పోయింది. బుధారం మధ్యానం పుట్టగొడుగుల కూర తిన్న్యాడు. మూడు గంటలకు వాంతులు మొదలైనాయి, ఇంగ ఆగలే. నంద్యాల ఆసుపత్రికి బండి కట్టినారు. శిరివెళ్ల కాడికి వచ్చేలోపలే..."

"ఆ పుట్టగొడుగులు మీ అత్త ఇచ్చినవేనా?"

లూదియా ఒక క్షణం తల వంచుకుంది. "మా ఇంట్లో నించి పోయినవే సార్. కానీ అవి మంచివి! మా యత్త ముప్పై ఏండ్లుగా కోస్తాండే పుట్టవి. దిన్నె మీద తుమ్మకు పక్కనుండే పుట్ట. ప్రతి ఏడూ ఆడనే వస్తాయి. నేను బైబిలు పట్టుకొని చెప్తా. కూరలో ఇంట్లోవాళ్లే ఏందో కలిపినారు. ఆయన కొడుకు సిన్నరెడ్డి నరసింహులు ఆ పొద్దు కూర ముట్టనే లేదు!"

"మీ అత్త ఏమంటోంది?"

"అదే సార్ నాకు అర్థం కానిది." ఆమె కళ్లు నిండాయి. "నేనే చేసినా అని ఒప్పుకునింది."

ప్రహ్లాదరావు మిగిలిన సగం గడ్డం గీసుకోవడానికి రెండు నిమిషాలు తీసుకున్నాడు. తర్వాత కోటు తొడుక్కున్నాడు.

"ఆళ్లగడ్డ బస్సు ఎన్నింటికి మద్దిలేటీ?"

* * *

సబిన్‌స్పెక్టరు ఓబులేసు మంచివాడు, తొందరమనిషి కాడు. ప్రహ్లాదరావు పోలీసు ఉద్యోగంలో ఉన్నప్పుడు ఆయన కింద పనిచేసినవాడు. కుర్చీ వేయించి, టీ తెప్పించి, కేసు మొత్తం చెప్పాడు.

"నాకూ ఆమెను చూస్తే జాలిగానే ఉంది సార్. కానీ నన్నేం చెయ్యమంటారు? ఎండాకాలంలో పెద్దరెడ్డి ఆ దిన్నె చుట్టూ ముళ్లకంచె వేయించినాడు. దున్ని వేరుశనగ వేస్తానన్నాడు. ఈమె ఆయన వాకిట్లో నిలబడి, 'నా కూటి కాడ ముండ్లు ఏసినావ్, నీ నోట్లో మన్ను పడ' అని దుమ్మెత్తి పోసింది. ఊరంతా విన్నది. రెండు నెలలకు ఆమె గంపలోని గొడుగులు తిని ఆయన పోయినాడు."

"పొరపాటున విషపు గొడుగు కలిసి ఉండొచ్చు కదా?"

"అదే అడిగినా సార్. ముప్పై ఏళ్లుగా గొడుగులు కోసే మనిషికి పొరపాటు ఎట్లా జరుగుతుంది? చుట్టుపక్కల పది ఊళ్లలో అనుమానం వస్తే గొడుగులు పట్టుకుని ఈమె దగ్గరికే వస్తారు. తెలియనిదయితే పొరపాటు అనుకుందును. తెలిసిందే కాబట్టి కావాలని చేసినట్టు. ఆమె కూడా కాదనడం లేదు. పైగా ఇది చూడండి."

ఓబులేసు బల్ల కింద నుంచి ఒక వెదురు గంప తీశాడు. అందులో పరిచిన తెల్లటి పాత పంచె ముక్క మీద అక్కడక్కడ ఆకుపచ్చ పొడి ఉంది.

"వండగా మిగిలిన నాలుగైదు గొడుగులు మర్నాటిదాకా ఇందులోనే ఉన్నాయి. కుళ్లిపోతే ఇంటివాళ్లు పారేశారు. కింద ఈ పొడి కనిపించింది. గొడుగుల మీద ఏదో చల్లింది సార్. పరీక్షకు పంపాలి."

ప్రహ్లాదరావు జేబులోంచి భూతద్దం తీసి పొడి మీదికి వంగాడు. చాలాసేపు లేవలేదు.

"మద్దిలేటీ, ఏం కనిపిస్తోంది?"

మద్దిలేటి కూడా వంగి చూశాడు. "గుండ్రంగా ఉంది సార్. అరచేతి వెడల్పు. మధ్యలో ఖాళీ. దాని చుట్టూ బండిచక్రం ఆకుల మాదిరి సన్నటి గీతలు."

"చేత్తో చల్లిన పొడి అంత వరసగా పడుతుందా?"

మద్దిలేటి సమాధానం వెతుక్కుంటుండగానే ప్రహ్లాదరావు భూతద్దం జేబులో పెట్టుకుని లేచాడు. "హన్నమ్మతో మాట్లాడాలి ఓబులేసూ."

హన్నమ్మ లాకప్పులో గోడకు ఆనుకుని, కుడికాలు చాచుకుని కూర్చుంది. బక్కపలచటి మనిషి. మెడలో చిన్న సిలువ. పాదానికి పసుపు మరకల గుడ్డ కట్టు. కట్టు అంచులు మాసి నల్లబడ్డాయి. చీలమండ ఇంకా వాచే ఉంది.

"కాలికి ఏమైంది పెద్దమ్మా?"

"ముల్లు ఇరిగింది."

"ఎప్పుడు?"

"ఎప్పుడైతే ఏందప్పా. ముల్లుకు తేదీ రాసిపెట్టుకుంటారా?"

మద్దిలేటికి నవ్వొచ్చింది. ప్రహ్లాదరావు నవ్వలేదు. కటకటాల ముందు నేల మీద బాసీపట్టు వేసుకుని కూర్చున్నాడు.

"నేను పట్నంలో చదువుకున్నవాణ్ణి, గొడుగుల సంగతి తెలియదు. మంచి గొడుగేదో, కుక్కగొడుగేదో నాకు నేర్పు."

ఆ మాటకు ఆమె మొదటిసారి అతని వైపు సరిగా చూసింది. చేతులు వాటంతట అవే కదిలాయి.

"పైన చూస్తే ఏం తెల్దప్పా. రెండూ తెల్లగనే ఉంటాయి, రెండూ గొడుగులే. కింద చూడాల. మంచిది పుట్ట లోపల్నించి వస్తాది. చెదలు కట్టిన గూడు ఉంటాది చూడు, ఆడ పుడతాది. అందుకే దానికి మూరెడు యేరు. కాడ మొదట్లో రెండు వేళ్లు పెట్టి, గుంజకుండా, మెల్లంగ, పసిబిడ్డను ఊయల్లోంచి తీసినట్ట తీయాల. యేరు సన్నంగ, నల్లంగ, తోక మాదిరి వస్తాది. కుక్కగొడుగుకు యేరుండదు. ఉల్లిగడ్డ మాదిరి బుడిపె, అంతే. పొద్దు తిరిగేతలికి దాని అడుగున ఉండే రేకులు ఆకుపచ్చగ అవుతాయి."

"పెద్దరెడ్డికి పంపినవాటికి వేర్లు ఎంతెంత ఉన్నాయి?"

"మూరెడు," అనేసి, ఆమె ఠక్కున నోరు మూసుకుంది. తర్వాత గొంతు మార్చింది. "తెల్దు. నేనే చేసినా అని చెప్తాండా కదా. ఇంగేం గావాల?"

"ఇవన్నీ నీ కోడలికి నేర్పావా?"

"నేర్పేది ఏముంది! మా అవ్వ నాకు నేర్పలే, నేను దానికి నేర్పలే. పుట్ట కాడ నోరు తెరిస్తే పుట్ట అలుగుతాది. ఎనకాల గంప పట్టుకొని వస్తారు, చూస్తారు, అంతే."

"నువ్వు క్రైస్తవురాలివి. పుట్ట అలుగుతుందంటే నమ్ముతావా?"

"పాస్టరయ్య కూడా ఇదే అడుగుతాడు. దేవుడు దేవుడే అప్పా, పుట్ట పుట్టే." ఆమె ముఖం పక్కకు తిప్పుకుంది. ఆ తర్వాత వచ్చిన మాటలు గోడకు చెప్పినట్టుగా వచ్చాయి. "నా మాట ఇను. నన్ను ఈడనే ఉండనీ. నా వయసుకు యాడైతే ఏంది? తవ్వి ఎత్తొద్దు. నీకు దండం పెడతా."

బయటికొచ్చాక మద్దిలేటి ఉండబట్టలేక అడిగాడు. "సార్, ఆమె ఎవరినో కాపాడుతోంది కదూ?"

ప్రహ్లాదరావు పాలదిన్నె దారి పట్టాడు. మెరుపులాంటి జవాబు ఇవ్వకపోవడం ఆయనకు అలవాటు లేదు. మద్దిలేటికి ఎందుకో దిగులు వేసింది.

* * *

పాలదిన్నెలో పెద్దరెడ్డి భార్య జయలక్ష్మమ్మ పడసాలలో చాప మీద కూర్చుని ఉంది. ఆమె కూడా కూర రెండు ముద్దలు తిని, ఒక పగలంతా వాంతులు చేసుకుని బతికిన మనిషి. గొంతు పీలగా ఉంది.

"ఆయనకు పుట్టగొడుగులంటే పాణం అప్పా. కంచె ఏసినంక హన్నమ్మ మా గడప తొక్కలే. మంగళారం వాన పడి వెలిసింది. ఆయనే జీతగానితో చెప్పంపినాడు. 'తిట్టింది చాల్లే, కంచె దాటి కోసుకోమను, నాకూ రెండు గొడుగులు పంపమను' అని. తగువు తీరిపోయిందనుకుంటిమి."

"గంప ఎవరు తెచ్చారు?"

"పొద్దున్నే గడప బయట పెట్టిపోయినారు. ఎవురు పెట్టినారో నేను చూడలే. లోపలికి రారు కదా."

"అప్పుడు వాటికి వేర్లు ఉన్నాయా?"

"మన్ను మా వంటింట్లోకి రాకూడదప్పా. మా యత్త కాలం నించీ అంతే. కాడలు కోసి, కడిగి, గంపలో గుడ్డేసి పేర్చి పెట్టాల. ఎప్పుడూ అట్లనే తెస్తాది." తర్వాత కాస్త గర్వంగా అంది. "అయినా నేను చూడకుండ వండలే. వెండి గిన్నెలో ఏసి పసుపునీళ్లు పోసినా. గిన్నె నల్లబడలే. నల్లబడితే పారేసుందును."

ప్రహ్లాదరావు తల ఊపాడు. "వాటి రేకులు ఏ రంగులో ఉన్నాయమ్మా?"

"తెల్లంగ. మల్లెపూల మాదిరి."

చిన్నరెడ్డి నరసింహులు గొడ్ల చావిడి దగ్గర దొరికాడు. ముప్పై ఏళ్లవాడు, కళ్ల కింద నల్లటి గుంటలు.

"ఆ రోజు మీరు కూర తినలేదట."

"ఊళ్లో ఉంటే కదా తినేది! బనగానపల్లెలో మామిడి తోట బేరం. మంగళారం పోయి, బేస్తవారం తిరిగొచ్చినా. వచ్చేతలికి నాయన..." అతను ఆగిపోయాడు. "ఆ ముసల్దాన్ని ఉరేసినా తప్పులేదు."

"దిన్నె దున్నిస్తామన్నారు. ఇంకా దున్నలేదే?"

"వాన కోసం కాచుకున్న్యాం."

"చెదలు ఎక్కువా ఆ చేలో?"

నరసింహులు చెయ్యి గడ్డివామి వైపు సగం లేచి కిందికి దిగింది. "ఏందో, నాకు తెల్దు. మీకు చెదలెందుకు? హంతకురాలు దొరికింది కదా!"

అక్కణ్ణుంచి ప్రహ్లాదరావు నేరుగా దిన్నె ఎక్కాడు. కంచెలో ఒకచోట ముళ్లు పక్కకు జరిపి దారి చేసి ఉంది. తుమ్మచెట్టు పక్కన నిలువెత్తు పుట్ట. దాని మొదట్లో, ఎండిన పేడ మీద, తెల్లటి గొడుగులు మళ్లీ విచ్చుకుని ఉన్నాయి. వాటి మధ్య, అంతకుముందు కోసిన వాటి మొదళ్లు నేల మట్టానికి నున్నగా కనిపించాయి.

"కొడవలి దెబ్బ సార్," అన్నాడు మద్దిలేటి. "పెరికినవి కావు, కోసినవి."

"శభాష్. ఇప్పుడు పుట్టను కొంచెం పగలగొట్టు."

మద్దిలేటి రాయితో పుట్ట అంచు ఊడగొట్టాడు. బతికున్న పుట్టను పగలగొడితే చిటికెలో చెదలు బిలబిలా వచ్చి కన్నం పూడ్చుకుంటాయి. ఇద్దరూ పది నిమిషాలు చూశారు. ఒక్క పురుగూ రాలేదు. కన్నంలోంచి ముక్కిపోయిన మందు వాసన మాత్రం వచ్చింది.

ప్రహ్లాదరావు ఒక గొడుగు కాడ మొదట్లో రెండు వేళ్లు పెట్టి, హన్నమ్మ చెప్పినట్టే మెల్లగా తీశాడు. ఠప్పున ఊడొచ్చింది. కింద ఉల్లిగడ్డంత బుడిపె. వేరు లేదు.

ఆయన దాన్ని చేతిలో పట్టుకుని అలాగే నిలబడిపోయాడు. ముఖంలో గెలుపు లేదు.

"మద్దిలేటీ, వంక అవతలికి పో. బతికున్న పుట్ట వెతికి, మంచి గొడుగు ఒకటి పట్టుకురా. వేరుతో సహా."

మద్దిలేటి పొద్దుగూకే వేళకు మోకాళ్ల దాకా బురదతో తిరిగొచ్చాడు. పంచెలో అయిదు రకాలు తెచ్చాడు. నాలుగింటిని ప్రహ్లాదరావు చూడగానే పారేశాడు. అయిదోదానికి కింద మూరెడు నల్లటి తోక వేలాడుతోంది.

"దీన్ని తీయడానికి గంట పట్టింది సార్. రెండుసార్లు తెగింది. ఆ ముసలమ్మ పసిబిడ్డ అని ఎందుకన్నదో ఇప్పుడు తెలిసింది."

* * *

ఆదివారం పదకొండు గంటలకు పెద్దరెడ్డి పడసాలలో అందరూ చేరారు. చాప మీద జయలక్ష్మమ్మ, స్తంభానికి ఆనుకుని నరసింహులు, ఓబులేసు, కానిస్టేబుల్ తెచ్చిన హన్నమ్మ. ప్రార్థన నుంచి నేరుగా వచ్చిన లూదియా వాకిట్లో నిలబడింది. కేసు తేలినప్పుడు అందరినీ ఒకచోట కూర్చోబెట్టి చెప్పడం ప్రహ్లాదరావు అలవాటు. పన్నెండేళ్లుగా ఆ అలవాటు తప్పలేదు.

బల్ల మీద రెండు తెల్ల కాగితాలు, వాటి మీద బోర్లించిన రెండు ఇత్తడి చెంబులు ఉన్నాయి.

"నిన్న సాయంత్రం దిన్నె మీది గొడుగు ఒకటి, వంక అవతలి గొడుగు ఒకటి, కాడలు తీసేసి ఈ చెంబుల కింద పెట్టాను. ఓబులేసూ, తీసి చూడు."

ఓబులేసు మొదటి చెంబు ఎత్తి, గొడుగు తీశాడు. కాగితం మీద లేత గులాబి రంగు పొడి, సన్నటి గీతలు గీతలుగా రాలి ఉంది. దిన్నె మీది గొడుగున్న రెండోది ఎత్తాడు. ఆకుపచ్చ చక్రం.

"గంపలో ఉన్నది ఇదే!" అన్నాడు ఓబులేసు.

"ఇదే. ఎవరూ చల్లలేదు. ముదిరిన గొడుగు తన రేకుల్లోంచి తానే రాల్చుకునే పొడి. లేతగా ఉన్నప్పుడు రేకులు తెల్లగా ఉంటాయి, అందుకే వంటింట్లో ఎవరికీ అనుమానం రాలేదు. వెండి గిన్నెకు ఈ విషం తెలియదమ్మా. అది నల్లబడకపోతే ఏమీ లేదని కాదు. పెద్దరెడ్డిగారు కుక్కగొడుగులు తిని పోయారు. వాంతులు, విరేచనాలు డెబ్బై ఏళ్ల ఒంటిని నిలవనివ్వలేదు."

"అదే కదా నేను చెప్తాండేది!" నరసింహులు అరిచాడు. "ఆ యమ్మే ఇచ్చింది!"

"మీ గడ్డివామిలో ఖాళీ డబ్బా ఒకటి దొరికింది నరసింహులుగారూ. చెదలను చంపే గమాక్సిన్ పొడి. ఎప్పుడు పోశారు ఆ పుట్టలో?"

నరసింహులు ముఖం పాలిపోయింది. స్తంభం పట్టుకుని మెల్లగా కింద కూర్చున్నాడు.

"వైశాఖంలో... నాయనే పొయ్యమన్న్యాడు. చెదలు శనగకాయ తింటాండాయని." పైగుడ్డతో ముఖం తుడుచుకున్నాడు. "ఆ మందే గొడుగుల్లోకి ఎక్కి నాయనను సంపిందనుకుంటి సార్. నా సేత్తోనే సంపుకుంటి అనుకుంటి. అందుకే దాచినా. ఆ యమ్మ మీదికి తోసినా."

"మందు మీ నాయనను చంపలేదు. చెదలను చంపింది. మంచి గొడుగు పుట్టేది చెదల గూట్లో. చెదలు చస్తే ఆ గొడుగు ఇక రాదు. తర్వాత ఆ పేడ మీద పెరిగింది కుక్కగొడుగు. గొడుక్కీ చెదలకీ ఉన్న సంబంధం మీ నాయనకు తెలియదు. ఆయనకు తినడమే తెలుసు. ఆ సంబంధం తెలిసిన హన్నమ్మకు మందు పోసిన సంగతి తెలియదు. మధ్యలో మీరు వేసిన కంచె. ఆ రోజు మీరు ఇంట్లో ఉండి, ఏ పుట్టవి అని ఒక్క మాట అడిగి ఉంటే..." ప్రహ్లాదరావు చెంబులు పక్కకు జరిపాడు.

ఓబులేసు గొంతు సవరించుకున్నాడు. "అయినా సార్, కోసింది ఈమె. చూస్తూ చూస్తూ వేరు లేని గొడుగు ఎట్లా కోసింది?"

"ఆమె కోయలేదు."

"నేనే కోసినా!" హన్నమ్మ కేక పెట్టింది. "ఏయ్ అప్పా, నోరు మూసుకో! నేనే!"

"నువ్వు కోసి ఉంటే పెరికేదానివి పెద్దమ్మా. నీ చేతికి కొడవలి పట్టదు. దిన్నె మీద మొదళ్లు కొడవలితో కోసి ఉన్నాయి. నీ కాలి కట్టు మాసి నాలుగైదు రోజులైంది. బుధవారం నాడు నువ్వు గడప దాటే స్థితిలో లేవు. ముప్పై ఏళ్లు తెలిసిన మనిషి తప్పు చేయదని ఓబులేసు అన్నది నిజమే. తప్పు చేసింది ఇంకా నేర్చుకుంటున్న మనిషి. ఎవరూ నోరు తెరిచి నేర్పని మనిషి. గంప పట్టుకుని వెనక నడిచి, పుట్టను గుర్తుపట్టింది, గొడుగును కాదు. నా గదికి వచ్చినప్పుడు, అవి మంచివని ఎట్లా తెలుసంటే, పుట్ట ఎక్కడుందో చెప్పింది. గొడుగు ఎట్లా ఉందో చెప్పలేదు. ఎట్లాగూ ఈ ఇంటి గడప దగ్గర కాడలు కోసెయ్యాలి, పెరికి ఏం లాభం అనుకుని కొడవలి వేసింది."

అందరూ వాకిలి వైపు తిరిగారు.

లూదియా ఇంకా అర్థం కానట్టే చూస్తోంది. తర్వాత ఒక్కొక్క మాటే బయటికొచ్చింది.

"ఆ పొద్దు... రెడ్డికి వాంతులంట అని తెలిసినప్పుడు... మా యత్త నన్ను ఒగటే అడిగింది. 'పెరికినావా, కోసినావా?' అని. కోసినా అంటి. ఏం మాట్లాడలే. నువ్వు పోయినట్టు ఎవురికీ చెప్పొద్దని బైబిలు మీద ఒట్టేయించుకునింది. నీళ్లు తాగి పండుకునింది." ఆమె అత్త వైపు తిరిగింది. "అత్తా... నీకు అప్పుడే తెలుసునా? తగువు తీరిపోతాదని నేను పోతి కదా! నేను సంపినానా అత్తా?"

"లేదు బిడ్డా. ఆ సారు అబద్ధం చెప్తాండాడు."

"అబద్ధం కాదు కదత్తా."

లూదియా గడప పట్టుకుని కూలబడింది. జయలక్ష్మమ్మ చాప మీది నుంచి లేచింది. ఆమె తిడుతుందనే అందరూ అనుకున్నారు. ఆమె గడప దాకా వచ్చి, ఎప్పుడూ మట్టిని లోపలికి రానివ్వని ఆ గడప మీదే కూర్చుని, పిల్ల తల మీద చెయ్యి వేసింది. "మన్ను వద్దంటిమి కదే... మేమే వద్దంటిమి," అని ఏడ్చింది.

హన్నమ్మ కుంటుకుంటూ ప్రహ్లాదరావు ముందుకు వచ్చి నిలబడింది.

"కనుక్కున్న్యావు. గొప్పోడివే. నాకు జైలు బరువు కాదప్పా, మోస్తుంటి. ఇది ఈ పిల్లకు బతికినన్నాళ్లూ మోత. ఆ ఓబులేసు చెవిలో చెప్పిపోతే నీ సొమ్మేం పోయేది? ఇంతమందిని కూసోబెట్టి చెప్పాల్నా?"

ప్రహ్లాదరావుకు జవాబు ఉంది. ఒప్పుకోలు వెనక్కి తీసుకోవాలంటే లూదియా నోటి నుంచే మాట రావాలి, ఊరంతా హంతకురాలనుకునే మనిషి పేరు ఊరి ముందే కడగాలి. న్యాయమైన జవాబే. కానీ రెండు చెంబులు ఎత్తించేటప్పుడు తన గొంతులో ఉన్న ఉత్సాహం ఆయనకే గుర్తొచ్చింది. ఆ జవాబు చెప్పలేకపోయాడు.

* * *

హన్నమ్మను వదిలిపెట్టారు. పెద్దరెడ్డి చావు ప్రమాదమని రాసుకున్నారు. లూదియా మీద కేసు పెట్టవద్దని జయలక్ష్మమ్మే కొడుకును వెంటబెట్టుకుపోయి చెప్పి వచ్చింది. కేసు అంత శుభ్రంగా ముగియడం మద్దిలేటి ఎన్నడూ చూడలేదు. అయినా నంద్యాల తిరిగొచ్చే బస్సులో ప్రహ్లాదరావును పొగడటానికి అతనికి నోరు రాలేదు.

ఆ తర్వాత ప్రహ్లాదరావు చాలా కేసులు తేల్చాడు. అందరినీ ఒకచోట కూర్చోబెట్టి చెప్పడం మాత్రం మానేశాడు. ఎందుకని మద్దిలేటి ఒక్కసారి అడిగాడు. "గొంతు బాగాలేదు," అన్నాడు ఆయన.

మరుసటి ఏడు ఆరుద్ర కార్తెలో ఆళ్లగడ్డ బస్సు కండక్టరు ఒక బుట్ట తెచ్చి ఇచ్చాడు. పైన మోదుగాకులు కప్పి ఉన్నాయి, పక్కన ఒక ఉత్తరం ఉంది. లూదియా భర్త జయరాజు రాసింది. ప్యాపిలి బడిలో అయ్యవారు కాబట్టి అక్షరాలు గుండ్రంగా ఉన్నాయి.

'అయ్యా, మాకు ఆడపిల్ల పుట్టింది. ఊళ్లో మా గొడుగులు ఎవరూ కొనడం లేదు. అయినా అమ్మ మొదటి వాన పడినప్పటి నుంచి లూదియాను వెంటబెట్టుకుని పుట్ట పుట్టకూ తిరుగుతోంది. పుట్ట కాడ మాట్లాడకూడదన్న మనిషి, ఇప్పుడు ఒకటే మాట్లాడటం. వేరు చూడు, రేకు చూడు, వాసన చూడు అని అరుస్తోంది. అమ్మ మీకు దండాలు చెప్పలేదు. చెప్పకపోయినా చెప్పినట్టు రాయడం నాకు చేతకాలేదు. ఈ గొడుగులు లూదియా పెరికినవి. మీరు తింటారో లేదో అడగనని చెప్పింది. వేర్లు మాత్రం చూడమంది.'

ప్రహ్లాదరావు ఆకులు తీశాడు. తడి మట్టి వాసన గదంతా నిండింది. పదకొండు గొడుగులు. ఆయన బల్ల మీద కాగితం పరిచి, ఒక్కొక్కటే పెట్టాడు. ప్రతిదానికీ మూరెడు నల్లటి వేరు. చివరిదాకా సన్నగా, ఎక్కడా తెగకుండా. ఎర్రమట్టి ఇంకా పొడిబారలేదు.

చాలాసేపు చూశాడు. భూతద్దం తీయలేదు.

"పారేయమంటారా సార్?" అని మద్దిలేటి మెల్లగా అడిగాడు.

"పొయ్యి వెలిగించు."

మద్దిలేటి గొడుగులు అందుకోబోయాడు. ప్రహ్లాదరావు చెయ్యి అడ్డం పెట్టాడు.

"ఆ మట్టి నేను కడుగుతాను," అని చొక్కా చేతులు పైకి మడిచాడు.